చేరిందని చెప్పిన పెట్టె

నర్సుల బల్ల కింద దూరి, పాడైన తీగ మారుస్తున్నప్పుడు సరిగ్గా తీగమ్మ నెత్తి మీదే ఫోన్ మోగింది.

"వార్డండీ," అంది హెడ్ నర్సు.

అవతలి గొంతు బల్ల కిందికి కూడా వినబడేంత గట్టిగా ఉంది. ఊరికి ఆ కొసన ఇంకో భవనంలో కూర్చుని, ఈ ఆస్పత్రిలో తీసిన స్కాన్లు చదివి రిపోర్టులు రాసే డాక్టరు అతను. "నిచ్చెన మీంచి పడ్డ పెయింటరు... తలలో రక్తం పేరుకుంటోంది సిస్టర్. రిపోర్టు కోసం చూడొద్దు. ముందు థియేటర్‌కి పంపండి, సర్జన్‌ని పిలవండి."

హెడ్ నర్సు పేరు మళ్ళీ అడిగింది. పడక నంబరు అడిగింది. రిజిస్టరు తిరగేసింది.

"డాక్టరుగారూ, ఆయన నిన్న సాయంత్రమే పోయారండీ."

బల్ల కింద తీగమ్మ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

తీగమ్మ ఆమె అసలు పేరు కాదు. ఆస్పత్రిలో కంప్యూటర్ల తీగలన్నీ ఆమె చూసుకుంటుంది కాబట్టి అక్క మొగుడు పెట్టిన పేరు అది. ఆయన అదే ఆస్పత్రిలో స్కాన్ తీసే టెక్నీషియన్. "ఏం తీగమ్మా, ఇవాళ ఎవరి కొంప కనెక్షన్ పీకావు?" అని నడవలో అందరి ముందూ అరిచేవాడు. "మీ స్కాన్ గదిదే బావా, కాసేపు కునుకు తీస్తారని," అని ఆమె అంటించేది. వినీ వినీ అందరూ ఆమెని తీగమ్మా అనే పిలవసాగారు.

ఆ పెయింటరు ముందురోజు తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చాడు. కాస్త తలనొప్పిగా ఉందన్నాడు. భార్య బలవంతం మీద వచ్చానని డ్యూటీ డాక్టరుతో నవ్వుతూ చెప్పాడు. బావ స్కాన్ తీసి పంపాడు. పంపాక తెర మీద 'పూర్తయింది' అని పడితే, తలుపులోంచి తల బయటికి పెట్టి "చేరింది, తీసుకెళ్ళండి" అని కేకెయ్యడం ఆయన అలవాటు. ఆ రోజూ అలాగే కేకేసి, భయం భయంగా నిలబడ్డ భార్యతో "చేరిందమ్మా, అక్కడ డాక్టరు చూస్తున్నారు, మీరెళ్ళి కాఫీ తాగండి" అన్నాడు.

స్కాన్లో చెడు కనబడితేనే చదివే డాక్టరు ఫోన్ చేస్తాడు. లేకపోతే రిపోర్టు తీరిగ్గా వస్తుంది. ఇటు నుంచి మాటిమాటికీ ఫోన్లు చేసి ప్రాణం తియ్యొద్దని వాళ్ళే ఒకసారి గట్టిగా చెప్పారు. అప్పటి నుంచీ ఫోన్ రాలేదంటే భయం లేదన్నమాటే అని వార్డులో అందరికీ స్థిరపడిపోయింది. పెయింటరు కోసం ఫోన్ రాలేదు. నిద్రొస్తోందన్నాడు, పడుకోనిచ్చారు. డ్యూటీ డాక్టరు వచ్చి కంటిరెప్ప ఎత్తి చూసి పరిగెత్తేసరికి అంతా అయిపోయింది.

ఇప్పుడు, మర్నాడు పొద్దున, ఆ స్కాన్ కొత్తగా వచ్చినట్టు ఆ డాక్టరు ఫోన్ చేస్తున్నాడు.

మధ్యాహ్నానికల్లా మాట ఆస్పత్రంతా పాకింది. చదివే చోట కంప్యూటరు నిన్న మధ్యాహ్నం నిండిపోయిందట. వచ్చిన ప్రతి ఫైలునీ 'చోటు లేదు, తీసుకోలేను' అని తిప్పికొట్టిందట. ఈ పొద్దున వాళ్ళు చోటు ఖాళీ చెయ్యగానే స్కాన్ గది నుంచి పెయింటరు ఫైలూ, నిన్నటివే మరికొన్నీ వరసగా వచ్చిపడ్డాయట. అందరికీ లెక్క కుదిరింది. తిప్పికొట్టిన సంగతి టెక్నీషియన్ తెర మీద పడే ఉంటుంది. చూసీ చూడనట్టు వదిలేసి "చేరింది" అని అబద్ధం చెప్పాడు. మనిషి పోయాడని తెలిశాక, పొద్దున్నే వచ్చి గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ పంపేశాడు. ఆయన ఆ రోజు మామూలుకన్నా ముందే డ్యూటీకి రావడం కూడా సరిపోయింది.

పెయింటరు బావమరిది స్కాన్ గదిలోకి వచ్చి కాలరు పట్టుకున్నాడు. "చేరిందన్నావు కదరా! మా అక్కని కాఫీ తాగి రమ్మన్నావు కదరా!" పెయింటరు భార్య మాత్రం గుమ్మంలో నిలబడి చూసిందట.

"నా తెర మీద పూర్తయిందనే పడిందండీ, నా పిల్లల మీద ఒట్టు," అని బావ అన్నాడు. పిల్లల మీద ఒట్టేసినవాణ్ణి ఎవరు నమ్ముతారు?

తీగమ్మ ఆ సమయానికి కింది అంతస్తులో నెట్‌వర్కు గది తలుపు వేసుకుని కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా బీరువాలో, మిగతావాటి మధ్య, బీడీకట్ట రంగు పెట్టె ఒకటి చిన్న దీపం ఆడిస్తూ ఉంది. దాని సంగతి ఈ ఆస్పత్రిలో ఇద్దరికే తెలుసు. తనకీ, తన మేనేజరుకీ.

బయటికి పోయే ప్రతి ఫైలునీ వైరస్ ఉందేమో చూశాకే పంపాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. మిగతా కంప్యూటర్లకి 'ఈ దారిన వెళ్ళు' అని చెప్పవచ్చు. స్కాన్ మెషిన్‌కి చెప్పడానికి లేదు. అమ్మిన కంపెనీ దానికి సీలు వేసింది. లోపల ఒక్క అక్షరం మార్చినా రిపేర్లకి రానంటుంది. అందుకని మేనేజరు "దానికి చెప్పకుండానే దారిలో పట్టుకుందాం" అన్నాడు. స్కాన్ మెషిన్ చదివే చోటికని పంపిన ఫైలు ఈ పెట్టెలోకి వచ్చి పడుతుంది. పెట్టె చదివే చోటి గొంతుతో స్కాన్ మెషిన్‌కి జవాబులిస్తుంది. తిరిగి స్కాన్ మెషిన్ గొంతుతో చదివే చోటికి ఫైలు అప్పజెబుతుంది. మధ్యలో ఒకరున్నారని ఇటువాళ్ళకీ తెలియదు, అటువాళ్ళకీ తెలియదు. కంపెనీ చెవిన పడకూడదు కాబట్టి ఎవరికీ చెప్పొద్దన్నాడు మేనేజరు.

పెట్టె పని బాగానే చేసింది, ఒక్కటి తప్ప. ఫైలు మొత్తం చేతికొచ్చాక గానీ వైరస్ చూడలేదు. అది చూసి, పంపి, జవాబు తెచ్చేదాకా స్కాన్ మెషిన్‌కి ఓపిక ఉండేది కాదు. తరచూ 'విఫలం' అనేసేది. బావ మళ్ళీ మళ్ళీ పంపలేక చిర్రెత్తిపోయి ఆమె దగ్గరికి వచ్చాడు. "తీగమ్మా, నీకు దణ్ణం పెడతా. బయట స్ట్రెచర్లు బారులు తీరుతున్నాయి. ఏం చేస్తావో తెలీదు, దీన్ని బాగు చెయ్యి."

ఆమె బాగు చేసింది. ఫైలు తన చేతిలో పడగానే 'అందింది' అని స్కాన్ మెషిన్‌కి ముందే చెప్పెయ్యమని పెట్టెకి నేర్పింది. వైరస్ చూడ్డం, అటు చేర్చడం తరవాత నిదానంగా. ఎక్కడైనా ఆగిపోతే తన ఫోన్‌కి కబురు వచ్చేలా కూడా రాద్దామనుకుంది. ఆ వారం వేరే పని తగిలింది. ఎప్పుడూ ఆగలేదు కదా అని తరవాత వదిలేసింది. ఇంట్లో డబ్బా మూత సరిగ్గా పడలేదంటే లేచి వెళ్ళి మళ్ళీ పెట్టే మనిషి తను.

పెట్టె రాసుకున్న చిట్టా తెరిచి చూస్తే అంతా అక్కడే ఉంది. నిన్న మధ్యాహ్నం అటువాళ్ళు తిప్పికొట్టిన ఫైళ్ళని పెట్టె తన దగ్గరే ఉంచుకుని, రాత్రంతా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, పొద్దున చోటు దొరకగానే అప్పజెప్పింది, స్కాన్ మెషిన్ గొంతుతో.

ముందుగా, 'అందింది' అని చెప్పెయ్యమని పెట్టెలో తను రాసిన ఆ ఒక్క లైను తీసేసింది. ఇంకెవరి ఫైలూ ఇలా ఆగకూడదని తప్ప ఆ నిమిషంలో వేరే ఏమీ తోచలేదు. తరవాత మేనేజరుకి చెప్పింది.

ఆయన విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డమనిషి కాదు. ఆమెకి ఉద్యోగం ఇప్పించినవాడు. "తీసేశావు కదా. ఇంక జరగదు కదా. కాస్త ఓపిక పట్టు. కంపెనీవాళ్ళకి తెలిస్తే మెషిన్ ఆగిపోతుంది. అది ఆగితే ఎంతమందికి కష్టం, ఆలోచించు."

"మరి బావ?"

"సస్పెన్షనే కదమ్మా, ఉరి కాదుగా. విచారణలో రుజువు కాకపోతే వాళ్ళే వెనక్కి తీసుకుంటారు."

ఆమె ఓపిక పట్టింది. తరవాత్తరవాత ఆమె తనని తాను క్షమించుకోలేకపోయింది ఈ ఓపిక విషయంలోనే.

అక్కావాళ్ళింట్లోనే మేడమీద గదిలో ఉంటుంది తీగమ్మ. విచారణకి ముందురోజు సాయంత్రం కిందికి దిగేసరికి అక్క కూరగాయలు తరుగుతోంది. బావ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఖాళీ పళ్ళెం వైపు చూస్తున్నాడు. గడ్డం పెరిగింది.

"చూడవే, మీ బావ వరస," అంది అక్క. "రేపు వెళ్ళి ఒప్పేసుకుంటారట."

"ఏం ఒప్పుకుంటారు?"

బావ తలెత్తాడు. "తెర మీద పూర్తయిందనే పడిందని ఇన్నాళ్ళూ అన్నాను. కానీ ఆలోచిస్తే... రోజూ పడేదే కదా, చూశానో, చూశాననుకున్నానో. అవతల మెషిన్ తిప్పికొట్టానంటోంది. మెషిన్‌కి అబద్ధం చెప్పాల్సిన పనేముంది? నేనే చూసుకోలేదేమో తీగమ్మా. అలవాటున చేరిందనేశానేమో."

"పొద్దున పంపింది కూడా మీరేనా మరి?" అంది అక్క కత్తిపీట మీంచి లేవకుండానే. "అదీ నిద్రలో లేచి పంపారా?"

"ఏమో. పొద్దున్నే వచ్చి నేనే పంపానని అందరూ అంటున్నారు."

ఎప్పుడూ నోటికి తాళం పడని మనిషి అంత నెమ్మదిగా మాట్లాడుతుంటే వినలేకపోయింది తీగమ్మ. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేసింది. పెట్టె గురించి, లైను గురించి, కబురు వచ్చే ఏర్పాటు చెయ్యకపోవడం గురించి. చెబుతున్నంతసేపూ బావ మధ్యలో ఒక్క మాటే అడిగాడు.

"అంటే కాలేజీలో మనవాడు రాకపోయినా వెనక బెంచీలోంచి 'ప్రెజెంట్ సార్' అంటామే, అలాగా?"

"అలాగే బావా. ఆ పెట్టెనీ మా భాషలో ప్రాక్సీ అనే అంటారు."

బావ నవ్వాడు. నవ్వి, చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. "నాకు పిచ్చెక్కలేదన్నమాట. చూశాను. పూర్తయిందనే ఉంది. అమ్మయ్య." నవ్వు అక్కడే ఆగిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ నాకు చేరిందని చెప్పింది అవతలివాళ్ళు కాదు. నువ్వు."

"ఆ."

"నువ్వు నాతో చెప్పావు, నేను ఆవిడతో చెప్పాను."

అక్క తరగడం ఆపేసింది. "నీకు ఆ రోజే తెలుసా?"

తీగమ్మ తలూపింది.

"ఆయన్ని కాలరు పట్టుకున్న రోజు తెలుసు. ఈ ఇంట్లోనే తిరుగుతున్నావు, నేను పెట్టింది తింటున్నావు." అక్క గొంతు పెంచలేదు. "ఆయన రాత్రుళ్ళు లేచి కూర్చుంటే నాకేం చెప్పావే? కాస్త ఓపిక పట్టమని చెప్పావు."

"రేపు విచారణలో చెప్తాను అక్కా."

"చెప్పు," అంది అక్క. తరిగిన ముక్కలు గిన్నెలో వేసి, పొయ్యి వైపు తిరిగిపోయింది.

విచారణ సూపరింటెండెంటుగారి గదిలో. పొడుగాటి బల్లకి అటు ఆవిడా, ఇద్దరు పెద్ద డాక్టర్లూ, ఇటు బావ. చదివే డాక్టరు ఫోన్ స్పీకర్లో ఉన్నాడు. గోడవార కుర్చీలో పెయింటరు భార్య. ఆమె పక్కన తమ్ముడు. మేనేజరు కిటికీ దగ్గర.

తీగమ్మ చెప్పడం అయ్యాక సూపరింటెండెంటు కాగితాలు సర్దుకుంటూ అడిగింది. "మీరు ఇతనికి ఏమవుతారు?"

"మా అక్క భర్త అండీ."

ఒక డాక్టరు పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ కుర్చీల్లో వెనక్కి వాలారు.

"బావగారి మీద ప్రేమ ఉండటం మంచిదే," అంది సూపరింటెండెంటు. "చూపించండి మరి ఆ పెట్టె చేసే మాయ."

ఇక్కడే తీగమ్మ ఇరుక్కుంది. స్కాన్ గదిలో బావ స్థానంలో వచ్చిన కొత్త టెక్నీషియన్ చేత ఖాళీ ఫైలొకటి పంపించారు. చదివే డాక్టరు తన వైపు ఏదీ రాకుండా తాళం వేశాడు. కొత్త టెక్నీషియన్ తెర మీద శుభ్రంగా 'విఫలం' అని పడింది.

"విఫలమనే చెప్పింది కదా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"నేను సరిచేశానండీ. ఆ రోజే."

"సరిచేశారా, చెరిపేశారా?" అంది సూపరింటెండెంటు. పెయింటరు బావమరిది గట్టిగా "కథలు!" అన్నాడు.

తీగమ్మ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. తను తీసేసిన లైను మళ్ళీ రాసింది. "ఇప్పుడు పంపమనండి."

ఈసారి కొత్త టెక్నీషియన్ ఫోన్లో "పూర్తయిందండీ" అన్నాడు.

"నాకేమీ రాలేదే?" అన్నాడు స్పీకర్లో డాక్టరు.

"ఇప్పుడు మీ తాళం తియ్యండి సార్. అక్కడ స్కాన్ గదిలో ఎవరూ మెషిన్ ముట్టుకోకండి. చేతులు కట్టుకోండి."

గోడ గడియారం కింద ఎవరిదో కుర్చీ కిర్రుమంది. కాసేపటికి స్పీకర్లోంచి గొంతు వచ్చింది. "వచ్చింది. స్కాన్ మెషిన్ పంపినట్టే ఉంది. ఆ రోజు పొద్దున కూడా అచ్చం ఇలాగే వచ్చింది మేడమ్."

సూపరింటెండెంటు కిటికీ వైపు తిరిగింది. "ఆ రోజు ఈ పెట్టె ఇలాగే ఉందా? మీకు తెలుసా?"

మేనేజరు కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మాయి చెప్పినట్టే ఉందండీ."

"సరే," అంది ఆవిడ. "ఇతను అబద్ధం చెప్పలేదని రాసుకోండి."

ఆ మాట కోసమే కదా వచ్చింది. తీగమ్మ బావ వైపు చూసింది. ఆయన ఎవరి వైపూ చూడటం లేదు. బల్ల మీద లాప్‌టాప్ వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు స్కాన్ గదిలో ఎవరున్నారు?" అన్నాడు. "పేషెంట్లు. తీస్తున్నారా?"

తీగమ్మకి అర్థమై చెయ్యి లాప్‌టాప్ మీదికి వెళ్ళింది. సూపరింటెండెంటు అంతకన్నా ముందే దాని మూత మూసేసింది.

"వద్దు. ఒకసారి మీ అంతట మీరు మార్చారు, దాంతో ఏది నిజమో తేల్చడానికి ఇంత తంటా పడ్డాం. ఇది సాక్ష్యం. బయటి నుంచి నిపుణుణ్ణి పిలిపిస్తాం. అప్పటిదాకా ఆ పెట్టె ఉన్న గదికి తాళం. మీరు అటు వెళ్ళకూడదు."

"మేడమ్, ఒక్క లైను. మీ ముందే తీసేస్తాను. ఇప్పుడది అందరికీ చేరిందనే చెబుతుంది."

"వార్డులకి నోటీసు పంపిస్తాం."

"నోటీసు ఎప్పటికి వెళ్తుందండీ? టైపు చెయ్యాలి, మీ సంతకం కావాలి..."

"అమ్మా," అంది సూపరింటెండెంటు. "మీ మాట మేం విన్నాం. ఇంక బయట కూర్చోండి."

మేనేజరు తాళంచెవుల గుత్తి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తీగమ్మ ఆయన వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

బావ నడవలో పరిగెత్తినంత పనిచేశాడు. స్కాన్ గది ముందు స్ట్రెచర్ మీద ఒక ముసలాయనా, చక్రాల కుర్చీలో తలకి గుడ్డ కట్టుకున్న ఆడమనిషీ ఉన్నారు. సస్పెన్షన్ ఎత్తేస్తూ కాగితం ఇంకా రాలేదు కాబట్టి లోపలికి వెళ్ళకూడదని గుమ్మం దగ్గర మనిషి అడ్డుకున్నాడు. బావ వాదించలేదు. ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి కొత్త టెక్నీషియన్‌ని పిలిచాడు.

"అబ్బాయ్, ఫైలు పంపినప్పుడల్లా పేరు నాకు చెప్పు. తెర ఏం చెప్పినా పట్టించుకోకు."

"అట్లాగేనండీ. కానీ మీరు..."

"ఏం లేదు. చెప్పు చాలు."

తీగమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తన ఫోన్లోంచి చదివే డాక్టరుకి కలిపి ఇచ్చింది. ఫోన్లు చెయ్యొద్దన్నది వాళ్ళే కదా, తిడతాడేమో అనుకుంది. ఆయన తిట్టలేదు. "పెట్టెయ్యకండి. లైన్లోనే ఉండండి," అన్నాడు.

ముసలాయన స్కాన్ తీశాక టెక్నీషియన్ పేరు చెప్పాడు, బావ ఫోన్లో అందించాడు. కాసేపు ఏమీ లేదు. బావ ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకున్నాడు. స్ట్రెచర్ తోసేవాణ్ణి ఆగమని చేత్తో సైగ చేశాడు.

"వచ్చింది."

"తీసుకెళ్ళు," అన్నాడు బావ. అరవలేదు, మామూలుగానే అన్నాడు.

తలకి గుడ్డ కట్టుకున్నామెని లోపలికి తీసుకెళ్ళారు. అప్పుడే పెయింటరు భార్య నడవలోకి వచ్చింది. తమ్ముడు గేటు వైపు లాగుతున్నా రాకుండా, వాళ్ళ ముందు ఆగింది. చెప్పుల మీద ఎండిన రంగు చుక్కలున్నాయి. మొగుడు పనిచేసిన ఇంటివేమో.

"ఆ రోజు కూడా ఇలా అడగొచ్చు కదా," అంది బావతో. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే. "ఒక్కసారి అడిగితే ఏం పోయేది?"

బావ నోరు తెరిచాడు. ఫోన్లు చెయ్యొద్దన్నారని చెప్పవచ్చు. తెర మీద అలా పడిందని చెప్పవచ్చు. రెండూ నిజాలే. లేచి నిలబడ్డాడు.

"ఆయన తప్పు కాదండీ," అంది తీగమ్మ. "నేనే..."

"నువ్వు చెప్పింది విన్నానమ్మా లోపల." ఆమె తీగమ్మ వైపు చూసింది. "ఆ ఫైలు అప్పుడే వెళ్ళుంటే బతికేవాడా?"

ఆ రోజు పొద్దున వార్డు ఫోన్లో విన్న గొంతు తీగమ్మ చెవుల్లో ఉంది. ముందు థియేటర్‌కి పంపండి అన్న గొంతు. ఆశ లేనివాళ్ళని ఎవరూ థియేటర్‌కి పంపమనరు.

"బతికే వీలుండేదండీ," అంది.

ఆమె తలాడించింది. కూర్చుంటుందేమో అనుకుని తీగమ్మ బల్ల మీద చోటు చేసింది. ఆమె కూర్చోలేదు. తమ్ముడి వెంట వెళ్ళిపోయింది.

తలుపు తెరుచుకుంది. కొత్త టెక్నీషియన్ తల బయటికి పెట్టి పేరు చెప్పాడు. బావ ఫోన్లో ఆ పేరు చెప్పాడు.

"రాలేదు," అంది ఫోన్లో గొంతు. కొంచెం ఆగి, "ఇంకా రాలేదు."

"లైన్లోనే ఉంటాను," అన్నాడు బావ.